ఉంచాల్సిన చెట్లు

కాలేజీ స్టాఫ్ రూమ్,
చలి తగ్గుతున్న రోజులు

వదినా,

ఇలా పిలవొచ్చా అని ఉత్తరం మొదలుపెట్టిన ప్రతిసారీ కాసేపు ఆగుతాను. నువ్వూ అన్నయ్యా విడిపోయి మూడేళ్ళవుతోంది. కాయితాల ప్రకారం మన ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది కొండవాలు మీది టేకు అడవి ఒక్కటే. పై సగం నాది, కింద సగం నీది. కానీ ఇంకేమని పిలవాలో తోచక వదినా అనే రాస్తున్నాను.

విషయానికి వస్తాను. ఫోన్లో నేను విషయానికి వచ్చేలోపు నీ చేతిలో కట్టుడు పళ్ళ మైనం గట్టిపడిపోతోందని నువ్వు అన్నప్పటి నుంచీ, ఉత్తరాల్లోనైనా తొందరగా రావాలని నా ప్రయత్నం.

ఇక్కడ సొంత అడవులున్నవాళ్ళ సంఘం ఒకటుంది. ఏడాది పొడుగునా ఏ కాలానికి తగ్గ పని ఆ కాలంలో నేర్పుతారు. ఆకు రాలేటప్పుడు నిప్పు దాటకుండా బాటలు ఊడవడం, ఎండల్లో ఒత్తుగా పెరిగిన చెట్లను పలచన చేయడం, వానల్లో పిలకలు చూసుకోవడం, చలికాలంలో గింజ ఏరడం. పోయిన ఆదివారం చేరాను. పాఠం చెప్పేది అటవీ శాఖలో చేసి రిటైరైన ఆవిడ. చెట్ల మధ్య తలోవైపు పోయే మమ్మల్ని ఈల వేసి పోగుచేస్తుంది కనుక అందరూ ఆవిడని ఈలమ్మ అంటారు, ఎదురుగానే. మొదటి రోజు మీ చెట్లకి ఏం కావాలని ఒక్కొక్కరినీ అడిగింది. నేను ఇరవై ఏళ్ళుగా తత్వశాస్త్రం చెబుతున్నదాన్ని, కాస్త ఆలోచించి స్వేచ్ఛ అన్నాను. ఆవిడ వెలుతురు అని బోర్డు మీద రాసి ముందుకు వెళ్ళిపోయింది.

మన చెట్లకి లేనిదదే. కొన్న ఏడాది నేనూ అన్నయ్యా పోటీలు పడి దగ్గర దగ్గరగా నాటేశాం, ఆ తర్వాత ఒక్కటీ తీయలేదు. అన్నీ వెదురు గడల్లా సన్నగా పైకి పోయి, కొసన గుప్పెడు ఆకుతో నిలబడ్డాయి. ఇప్పుడు ఆ ఆకూ రాలిపోయింది. వారం నుంచి బాట ఊడుస్తున్నాను, అరచేతులు బొబ్బలెక్కాయి.

గేటు దగ్గర కలప డిపో ఆయన కనిపించి, నీతో మాట్లాడుతున్నానని చెప్పాడు. నీ సగం గురించి. అది నీ ఇష్టం. నేను అడిగానని అనుకోకు.

నీ
ఆడపడుచు


పళ్ళ ల్యాబు, మేడమీద గది

పంతులమ్మా,

వదినా అని పిలవొచ్చా అని ఇంకోసారి అడిగితే ఉత్తరం తిప్పి పంపుతాను. నేను విడాకులిచ్చింది నీ అన్నకి.

డిపో ఆయన చెప్పింది నిజమే. మా ల్యాబు ఓనరుకి చూపు ఆనడం లేదు, కోరపన్నుకీ దవడ పన్నుకీ తేడా చేత్తో తడిమి చెబుతున్నాడు. బల్లలూ పొయ్యీ అన్నీ నన్నే తీసుకోమంటున్నాడు. ఈ ఊళ్ళో సగం మంది నేను చేసిన పళ్ళతో నవ్వుతున్నారు, బోర్డు మీద పేరు మాత్రం ఆయనది. నాకా బోర్డు కావాలి. అందుకు నా దగ్గరున్నది ఆ కింద సగమే. విడాకులప్పుడు దాన్నే ఎందుకు అడిగి తీసుకున్నానో నీకు తెలుసు. ఫ్లాటు పోయినా నీ అన్నకి నొప్పి ఉండదు, చెట్లు పోతే ఉంటుంది, అందుకని. కక్షకొద్దీ తెచ్చుకున్నదాన్ని అమ్ముకోవడానికి బెంగ ఎందుకు?

నువ్వు రాయకుండా మింగేసింది నేనే రాస్తాను. రోడ్డు నా సగానికే తగులుతుంది. నేను అమ్మేస్తే నీ సగానికి దారి పోతుంది. దారి ఇస్తానని డిపో ఆయన అంటున్నాడు, నోటిమాటగా. ఆయన లారీలు నిలిపే చోటు చూశావుగా, ఆ మాట ఎన్నాళ్ళుంటుందో నువ్వే లెక్క వేసుకో.

మళ్ళీ చలికాలం వచ్చేదాకా గడువు అడిగాను. ఈలోగా నీకేం కావాలో చెప్పు. నువ్వు వద్దంటే మానేస్తానని కాదు. ఒక్కసారైనా నీకేం కావాలో నీ నోట వినాలని.

పలచన చేయడానికి వెనకాడకు. దవడ ఇరుకై పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కితే మా డాక్టర్లు చేసేదీ అదే. పీకించుకున్నప్పుడు ఏడుస్తారు, ఏడాది పోయాక అద్దం ముందు నుంచి కదలరు.

క్లాసులో ఏం చెప్పారో రాస్తూ ఉండు. ఊరికే అడుగుతున్నా.

వదిన


కొండవాలు, షెడ్డు గుమ్మం,
ఎండాకాలం

వదినా,

నీ అనుమతి అడక్కుండా ఒక పని చేశాను. పలచన చేసే పాఠానికి ఎవరి అడవైనా కావాలంటే నీ సగం ఇచ్చాను. బస్సు దిగి అందరూ నడిచి రాగలిగింది అక్కడికే. కోప్పడితే తర్వాత కోప్పడు, ముందు ఏం నేర్చుకున్నామో విను.

ఏ చెట్టు కొట్టాలో వెతకొద్దంటుంది ఈలమ్మ. "కొట్టేదాని కోసం చూస్తూ నడిస్తే అడవంతా లోపాలే కనిపిస్తాయి. ఉంచేదాన్ని వెతకండి" అంది. మాను తిన్నగా ఉండాలి, తల విరగకుండా ఉండాలి, మొదట్లో గాయం ఉండకూడదు. అలాంటిది దొరికితే ఎర్ర రిబ్బను కట్టాలి. తర్వాత దాని తలకి ఆనుకుంటున్నవి ఏవో చూసి వాటిని తీయాలి. ఆకు లేనప్పుడే మాను నిజంగా కనిపిస్తుంది కాబట్టి ఈ పని ఇప్పుడే చేయాలి.

వినడానికి ఎంత బాగుందో చేయడం అంత కష్టం. ఒక చెట్టుకి కట్టడం, పక్కదాన్ని చూడగానే విప్పడం, రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ కట్టడం. మాతోపాటు మందుల షాపాయన ఉన్నాడు, రెండెకరాల వెదురు తోట ఆయనది. మేడమ్ మార్కులు వేయడం లేదు, రీవాల్యుయేషన్ చేస్తున్నారు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ చేయి ఆగింది. ఒకదాన్ని ఎంచుకున్నానంటే దాని చుట్టూ ఉన్నవాటికి నేను ఏదో చేసినట్టే కదా. అవి వంకర పోయింది మేం దగ్గరగా నాటడం వల్ల, వాటి తప్పేముంది? ఈలమ్మకి చెబితే, తప్పు లేదు గానీ వెలుతురూ లేదు అంది.

మిగిలిన చెట్లకి తర్వాతి వారమంతా కాలేజీ అయ్యాక వెళ్ళి నేనొక్కదాన్నే కట్టాను. నీ సగం పూర్తయింది. బాగా చేశాననే అనుకుంటున్నాను. ఇలా రాయడం నాకు కొత్త.

రంపం పట్టడానికి మనిషి దొరికాడు. ఆదివారాలు వస్తాడు. నా సగంలో ఎండిపోయినవి కొట్టి పేర్చాడు, ఫోటో పెడుతున్నాను.

నాకేం కావాలో అడిగావు. ఆలోచిస్తున్నాను.


పళ్ళ ల్యాబు

పంతులమ్మా,

ఫోటో చూశాను. లావు మొదలు ఒక వరసలో ఇటు, ఇంకో వరసలో అటు. వరసకీ వరసకీ మధ్య పుల్లలు. జారకుండా చివర రాళ్ళు. మేం కలిసి ఉన్నన్నాళ్ళూ నా వంటింట్లో కంచాలూ గిన్నెలూ ఇలాగే పేర్చాడు, ఒక్క గరిటె కావాలంటే కట్టడం మొత్తం విప్పాల్సి వచ్చేది.

నీకు దొరికిన ఆ రంపం మనిషి బాగున్నాడా? బస్సు డిపోలో ఉద్యోగం చేసుకుంటూనే వస్తున్నాడా?


కాలేజీ స్టాఫ్ రూమ్

వదినా,

అవును, అన్నయ్యే.

నేను పిలవలేదు. ఒక ఆదివారం గేటు దగ్గర తన రంపంతో నిలబడి ఉన్నాడు. బాట ఊడ్చావా అన్నాడు, ఊడ్చానన్నాను. అంతే, లోపలికి వచ్చి పని మొదలుపెట్టాడు. కాయితాల మీద పేరు లేకపోయినా చెట్లంటే ప్రేమ ఉంటుంది కదా అనుకున్నాను. పొమ్మనడానికి నోరు రాలేదు.

నీకు రాయకపోవడం ఎందుకంటే, అతను తిరుగుతున్న చోటు అని తెలిస్తే నువ్వు మర్నాడే డిపో ఆయనకి సంతకం పెట్టేస్తావని భయం. అతనికీ డిపో ఆయన సంగతి చెప్పలేదు. చెబితే రావడం మానేస్తాడని. ఎక్కడ నోరు జారుతానోనని అతనితో అసలు మాటలే తగ్గించేశాను. మీ ఇద్దరి మధ్యా నేనేదో కాపాడుతున్నాననుకున్నాను. ఏం కాపాడుతున్నానో ఇప్పుడు ఈ కాగితం మీద రాయమంటే రాయలేను.


పళ్ళ ల్యాబు

సహ యజమాని గారికి,

అతను రావడం నాకు అభ్యంతరం కాదు. అతనికి చెట్లంటే ప్రాణమని మీకంటే నాకే బాగా తెలుసు. అభ్యంతరం వేరే. మీరు నాకు రంపం మనిషి అని రాశారు.

నా సగంలో ఇకమీద ఏ పని జరిగినా ముందు నాకు తెలియాలి. డిపో ఆయన వానలకి ముందు ఒకసారి వచ్చి చూస్తానన్నాడు. గేటు తాళం ఇవ్వండి.


కొండవాలు, షెడ్డు

వదినా,

నీ ఉత్తరం అందేసరికే జరిగిపోయింది.

రెండు ఆదివారాలు నాకు పరీక్షల డ్యూటీ పడింది. అన్నయ్యకి ఫోన్ చేసి, కింద సగంలో రిబ్బన్లు కట్టాను, ఇక రంపం పని చూడు అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో పోయిన ఉత్తరంలో రాశాను. నిన్న వెళ్ళి చూస్తే నీ సగంలో రోడ్డు వైపు రిబ్బను కట్టినవి ఒక్కటీ నిలబడి లేవు. చక్కగా మొదలంటా కోసి, కొమ్మలు నరికి, పుల్లలు పెట్టి పేర్చి ఉన్నాయి. ఆ వైపు మంచివన్నీ పోయాయి. వంకరవీ, సన్నవీ, తల విరిగినవీ మిగిలాయి.

అతను మొద్దు మీద కూర్చుని రంపం పళ్ళకి పదును పెడుతున్నాడు. నేను వచ్చిన తీరు చూసి లేచాడు. రిబ్బను కట్టింది ఉంచడానికని చెప్పాను. రంపం కింద పెట్టి, పేర్చిన దుంగల వైపు చూశాడు. డిపోలో బస్సు సామానుకి ఎర్ర ట్యాగు కట్టారంటే విప్పి పారేయమనే అర్థమట. అతని చేతికి తెలిసిన ఎరుపు అది. ఇంత తిన్నగా ఉన్నవి ఎందుకు కొట్టిస్తోంది అని అనిపించలేదా అని అడిగాను.

"అనిపించింది" అన్నాడు. "అడుగుదామనుకున్నా. అడిగితే నువ్వు మళ్ళీ ఆలోచనలో పడతావని అడగలేదు."

వదినా, నాకు కోపం రాలేదు. చెప్పకుండా దాచిన నేను, అడగని అతన్ని ఏమనగలను? డిపో ఆయన సంగతి అప్పుడే అతనికి చెప్పేశాను. నీ ల్యాబు సంగతీ చెప్పాను. అతను విని, ఆవిడ చేతి పని మంచిది, బోర్డు ఎప్పుడో రావాల్సింది అన్నాడు. దుంగలు నీవి, డిపో ఆయనకి వేస్తావో ఇంకెవరికి వేస్తావో నీ ఇష్టం. వారమంతా కష్టపడి నీ అడవిలో ఉన్న మంచివాటిని ఏరి ఏరి చూపించి కొట్టించింది నేను.

నాకేం కావాలో చెప్పమన్నావు. అడిగే ముఖం పోయాక చెబుతున్నాను. అమ్మొద్దు.

గేటు తాళం ఈ కవర్లోనే పెట్టాను.


కొండవాలు, షెడ్డు,
వానాకాలం

వదినా,

జవాబు కోసం రాయడం లేదు. నీ సగంలో పని జరిగితే ముందు తెలియాలన్నావు కనుక రాస్తున్నాను.

ఈలమ్మని తీసుకెళ్ళి చూపించాను. ఈల వేయలేదు. చాలాసేపు తిరిగి, మొద్దులన్నీ ముట్టుకుని చూసింది. టేకు మొదలంటా కొడితే చావదట, వేరు పాతదే కాబట్టి పిలక నాటిన మొక్క కంటే తొందరగా ఎదుగుతుందట. తొలివానకే ఒక్కో మొద్దు చుట్టూ గుంపుగా లేచాయి. వాటిలో గట్టిదాన్ని ఒక్కదాన్ని ఉంచి మిగతావి చేత్తో విరిచేయాలి. మోకాలెత్తు వచ్చాక చేయాలంది, అంటే వానలు తగ్గేలోపు. మంచి చెట్లు ఇంకోసారి వస్తాయా అంటే వస్తాయంది, మీ జీవితకాలంలో కాదు అని కూడా అంది.

నేను విరవలేదు. అవి నీవి. అన్నయ్యనీ ముట్టుకోవద్దన్నాను. అతను ఈ మధ్య ప్రతిదీ అడుగుతున్నాడు, గొడుగు ఎక్కడ పెట్టాలో కూడా.

మూడు ఆదివారాలుగా నీ సగంలోకి పోవడం లేదు, గేటు దగ్గర నుంచే చూసి పైకి ఎక్కిపోతున్నాను.


పళ్ళ ల్యాబు

పంతులమ్మా,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నీ అన్నని తిడదామని కలం పట్టడం, తిట్టు రాకపోవడం. నా జన్మలో ఇలా ఎప్పుడూ కాలేదు. అసలు సంగతి చెప్పేస్తాను.

నీ మొదటి ఉత్తరం అందిన వారమే నేనూ చేరాను. మీ సంఘానికి ఈ ఊళ్ళోనూ శాఖ ఉంది, లైబ్రరీ వెనక హాల్లో శనివారాలు ల్యాబు అయ్యాక. అమ్మబోయేది ఎలాంటిదో తెలియకుండా అమ్మకూడదని మొదలుపెట్టాను. తర్వాత నువ్వు రాసే పాఠానికీ మా మాస్టారు చెప్పే పాఠానికీ పోల్చి చూసుకోవడం బాగుండేది. నీకు చెప్పలేదు. చెబితే వదిన ఉంచేస్తోందని ఆశ పెట్టుకుంటావని. నువ్వు నాకు రంపం మనిషి అని రాశావని అంత పౌరుషానికి పోయాను కదా, నేనూ తక్కువ తినలేదు.

ఇప్పుడు అసలు విను. మా మాస్టారు రిబ్బను కట్టించేది కొట్టేయాల్సిన చెట్టుకి. ఎండల్లో ఊరి బయట ఎవరిదో తోటలో నాతో కట్టించాడు, వెనక రంపంతో వచ్చేవాళ్ళు కట్టినదల్లా కొట్టుకుంటూ పోయారు. ఎర్ర రిబ్బను చుట్ట ఇంకా నా బ్యాగులోనే ఉంది. అంటే రిబ్బను ఉంచేదానికని నువ్వు ఉత్తరంలో రాసి ఉండకపోతే, ఆ రోజు నీ అన్న బదులు నేనే రంపం పుచ్చుకుని వచ్చినా సరిగ్గా ఆ చెట్లనే పడగొట్టేదాన్ని, అతనికంటే చురుగ్గా. మంచివెందుకు కొట్టమంటోంది అని నేనూ అడిగేదాన్ని కాను. దానికేవో ఫిలాసఫీ కారణాలు ఉండి ఉంటాయనుకునేదాన్ని. ఇది తేలాక అతన్ని ఎలా తిట్టను? చాలా విసుగొచ్చింది.

దుంగలు డిపో ఆయనకే వేశాను. నేల ఇవ్వనని చెప్పాను. మొహం ముడుచుకున్నాడు గానీ దుంగల వంక చూసి విప్పుకున్నాడు. దాంతో బోర్డు మొత్తం రాదు. ల్యాబులో నా పక్క బల్ల ఆవిడ సగం పెడతానంది, కాబట్టి బోర్డు మీద రెండు పేర్లు ఉంటాయి. సగాలతో వేగడం నాకు అలవాటే.

నువ్వు అమ్మొద్దన్నావని ఆగానని మాత్రం అనుకోకు. ముందూ వెనకా ఏమీ చేర్చకుండా నువ్వొక మాట రాయగలవని చూసి ఆనందించాను, అది వేరే. ఆగింది పిలకల కోసం. గుంపులోంచి ఒకదాన్ని ఎంచి మిగతావి విరవాలి అని రాశావు. పన్ను అచ్చులో కూర్చోబెట్టేది రోజూ ఈ వేళ్ళే. ఆ పని ఇంకొకరి వేళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు.

వానలు తగ్గేలోపు రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను, పిలకలు చూసుకుని పోతాను. ఆ రెండు రోజులూ అతన్ని రావద్దను. చలికాలంలో పై సగం గుర్తులు పెట్టేటప్పుడు మళ్ళీ వస్తాను. అప్పుడు అతనూ రావచ్చు. మాట్లాడు మాట్లాడు అని ఎవరూ నా వెంట పడొద్దు.

వదిన


కాలేజీ స్టాఫ్ రూమ్,
చలికాలం, ఆకు రాలుతున్న రోజులు

వదినా,

నువ్వు వచ్చి వెళ్ళాక ఈలమ్మ చూసి, పిలకలు ఎవరు తీశారని అడిగింది. మా వదిన అన్నాను. ఒక్క క్షణం కూడా ఆగకుండా అన్నాను. ఈవిడని ముందే పిలవాల్సింది అంది.

మా రిబ్బన్ల కథ సంఘంలో చెప్పేసింది. అక్కడ పెద్ద గొడవే అయింది. ఉంచేదానికి కట్టాలనేవాళ్ళు సగం, కొట్టేదానికి కట్టాలనేవాళ్ళు సగం. మందుల షాపాయన ఉంచేదానికి ఆకుపచ్చ, తీసేదానికి పసుపు అన్నాడు. ఒకాయన లేచి, తనకు ఆ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయన్నాడు. ఏదీ తేలకుండా టీ తాగి వచ్చేశాం.

పై సగం గుర్తులు వచ్చే ఆదివారం. నువ్వు వస్తున్నావని అన్నయ్యకి చెప్పాను. రంపం మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. అది అంతకు ముందు రోజే బాగు చేసి పెట్టుకున్నది.

ఏ రంగు తీసుకురావాలో నాకు తేలడం లేదు. నువ్వే చెప్పు.

ఆడపడుచు


పళ్ళ ల్యాబు, కొత్త బోర్డు కింద

ఆడపడుచా,

రంగూ వద్దు, రిబ్బనూ వద్దు. నచ్చిన చెట్టు కనిపిస్తే దానికి వీపు ఆనించి నేను నిలబడతాను. అది ఉంచేది. దాని చుట్టూ ఏవి తీయాలో నువ్వు చెప్పు. నీకు కావాల్సినంత సేపు ఆలోచించుకో, నేను శాలువా కప్పుకుని వస్తాను.

నీ అన్నని రంపం పుచ్చుకుని ఎదురుగా నిలబడమను. నేను ఆనుకున్న చెట్టు కాబట్టి ఈసారి అడగకుండా రంపం పెట్టడు.

వదిన